మేపుల్ చెట్టు వీపు

ఉద్యోగం నుంచి దిగిపోయిన నెలకే యసుమిత్సు పెరట్లో మేపుల్ చెట్టు నాటించాలని తీర్మానించాడు. తోటపనివాళ్ల లెక్కలో చెట్టుకు ముఖమూ ఉంటుంది, వీపూ ఉంటుంది; కొమ్మలు అందంగా పరుచుకున్న వైపు ముఖం. ముఖం ముందుగదిలో అతిథి కూర్చునే చోటికి తిరిగి ఉండాలి. ఆ ఇంటికి అతిథి వచ్చి ఆరేళ్లయింది కాబట్టి ఆ చోట మెత్త వేసుకుని కూర్చునేది యసుమిత్సే.

ఇల్లు పెరటి చుట్టూ తిరిగి ఉంటుంది; ముందుగదికి ఎదురుగా, పెరటికి అవతల వంటిల్లు. అతని భార్య సుమియే నలభై ఒక్క ఏళ్లుగా అక్కడి కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఎర్రబడిన ఆకులు చూస్తూ కడగాలని ఆమె కోరిక. చెట్టు ముఖం అటు తిరిగితే ఆమెకు మిగిలేది బొడిపెలూ నరికిన మోడులూ ఉన్న వీపే. ఆ మాట మొగుడితో అంటే ఏమంటాడో ఆమెకు తెలుసు. అందుకే అనలేదు.

మార్చిలో తోట మేస్త్రీ కుమగాయ్ చెట్టు తెచ్చాడు. ముఖం ఎటుండాలో యసుమిత్సు చెప్పలేదు. తల పండిన మేస్త్రీకి పని నేర్పడం మర్యాద కాదు, పైగా అది తెలియనిదెవరికి? నిశ్చింతగా నల్ల రాళ్లూ తెల్ల రాళ్లూ పేర్చే గో ఆట ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

కుమగాయ్ గొయ్యి తవ్వి, చెట్టును అందులో నిలబెట్టి, ఇక దాన్ని చూస్తూ కూర్చున్నాడు. అతని పనిలో సగం చూడటమే. పనివాళ్లకు పదింటికీ మూడింటికీ టీ ఇవ్వడం ఆనవాయితీ. సుమియే వంటింటి గుమ్మం దగ్గర పీట వేసింది.

"ముందుగది వరండాలో చలిగాలండీ మేస్త్రీ గారూ. ఇక్కడైతే పొయ్యి వెచ్చదనం తగులుతుంది."

చెస్ట్‌నట్ మిఠాయి కూడా పెట్టింది. మూడింటి టీకి పిలవకుండానే మేస్త్రీ అక్కడికి వచ్చి కూర్చున్నాడు. టీ తాగుతూ చూశాడు, లేచి చెట్టును కాస్త తిప్పాడు, మళ్లీ వచ్చి ఇంకో మిఠాయి తిన్నాడు. సాయంత్రానికి మట్టి కప్పేశాడు.

యసుమిత్సు వచ్చి మెత్త మీద కూర్చుని, మెడ అటూ ఇటూ వంచి చెట్టును చూశాడు.

"మేస్త్రీ గారూ, నాకు కనబడేది వీపు కదండీ?"

"వీపేనండి."

"ముఖం?"

"వంటింటివైపు. అక్కణ్ణుంచి చూస్తేనే చెట్టు కుదిరిందండి. ఇప్పుడు కదిపారో, చస్తుంది."

సుమియే తల వంచుకుని కప్పులు తీసింది. ఆమెకు నవ్వు ఆగడం లేదు.

నవంబరులో చెట్టు మంటెత్తినట్టు ఎర్రబడింది. యసుమిత్సుకు రోజుకు ఏడెనిమిదిసార్లు వంటింట్లో దాహం వేయసాగింది. వచ్చి కిటికీకి అడ్డంగా నిలబడిపోయేవాడు.

"ఏమండీ, నిలబడితే నిలబడ్డారు గానీ, చేతులు ఊరికే ఉన్నాయిగా?" అని సుమియే ఒక గిన్నె అందించింది.

అతను చెట్టునే చూస్తూ కడిగాడు. ఆమె ఇంకోటి అందించింది. వారం తిరిగేసరికి మూడు పూటల గిన్నెలూ అతనివే. చేతులు నానిపోయినా అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఏమోయ్, ఒకసారి ఇటొచ్చి చూడు. పై కొమ్మ భలే పండింది," అని ఒక మధ్యాహ్నం తొట్టి దగ్గర నుంచి కేకేశాడు.

సుమియే ముందుగదిలో అతని మెత్త మీద కాళ్లు చాపుకుని వేడి టీ తాగుతోంది. ఎదురుగా బొడిపెలూ మోడులూ, వాటి వెనక కిటికీలో గిన్నె కడుగుతున్న మొగుడూ.

"ఇక్కణ్ణుంచి బాగానే కనబడుతోంది లెండి," అని ఇంకో గుక్క తాగింది.