నీలం కింద నలుపు

చిత్రకారిణి వెర్నా పేరు చెబితే కెనడాలోని విన్నిపెగ్‌లో అందరికీ నీలమే గుర్తొస్తుంది. ఆకాశమూ కాదు, నీళ్ళూ కాదు. ఉత్త నీలం, అడ్డంగా చారలు. పళ్ళ డాక్టర్ల దగ్గరా లాయర్ల గదుల్లోనూ ఎక్కడ చూసినా గోడ మీద అదే బొమ్మ. అన్నం పెట్టిన రంగు కనుక దాన్ని ఏనాడూ తిట్టుకోలేదు గానీ, చెల్లెలు జీన్ పోయాక ఆ నీలం డబ్బా మూత తీయబుద్ధి కాలేదు. నూనె రంగులు కలిపి నల్లగా, మసిగా, గీకి గీకి వేసింది. ఇన్నేళ్ళకు నిజం చెప్పినట్టు అనిపించింది.

ఆమె బొమ్మలు అమ్మిపెట్టే గ్యాలరీ యజమాని గోర్డన్ వాటిని చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"బాగున్నాయి తల్లీ. కానీ ఇంత మసి ఎవరు కొనుక్కుపోతారు?"

"నాకిప్పుడు ఇవే వస్తున్నాయి గోర్డన్."

"రానీ. షోకి మాత్రం నీలం పట్రా. లేదంటే షోలో నీకిచ్చే గోడ ఇంకొకరికి ఇచ్చేస్తా."

అరవై దాటాక గోడ పోతే మళ్ళీ పిలిచేదెవరు? వెర్నా భయపడింది. గడువు ముంచుకొచ్చింది, కొత్త కాన్వాసు బిగించే ఓపిక లేదు. ఒక నల్ల బొమ్మ మీదే, నీళ్ళతో కలిపే అక్రిలిక్ నీలం పూసేసింది. నూనె రంగు మీద అక్రిలిక్ నిలవదని ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, తెలిసి తెలిసి పూసింది.

అది అమ్ముడుపోయింది. చలికాలంలో, కొన్నావిడ ఇంట్లో హీటర్ పక్కన, నీలం పొలుసులుగా లేచి ఊడిపడింది. గోర్డన్ ఫోన్ చేసి చెబితే వెర్నాకు తల కొట్టేసినట్టయింది.

"వెనక్కి తెప్పించు. వేరేది వేసిస్తా."

"ఆగు. ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోతోంది. కిందనుంచి దుఃఖం తొంగిచూస్తోందట. ఆవిడ స్నేహితులూ అడుగుతున్నారు. అలా ఊడేవే ఇంకో పది కావాలి."

"నల్లవి ఇక్కడే ఉన్నాయిగా. ఉన్నవి ఉన్నట్టే పట్టుకెళ్ళు."

"నీలం లేకపోతే అవి నీవని ఎవరికి తెలుస్తుంది వెర్నా?"

వెర్నా ఫోన్ పెట్టేసి, నీలం డబ్బా తెచ్చుకుని, ఏడుస్తూనే మిగిలిన నల్లవాటిలో మొదటిదాని మీద పూయడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏడుపు ఆగింది. ఏ మూల ఊడితే బాగుంటుందా అని తను ఆలోచిస్తున్నట్టు గమనించి కుంచె దించేసింది. అప్పటికే సగం కాన్వాసు నీలమైపోయింది.