తాబేలు ముచ్చట

ఆత్మకూరులో బక్కమ్మను చూసి నవ్వనివాళ్లు లేరు. గొర్రెలు మేతకు పోయే దారిలో గోనెసంచి భుజాన వేసుకుని ముందు నడుస్తుంది. కంపకు చిక్కిన, కాలువ గట్టున పారేసిన ప్లాస్టిక్ కవర్లన్నీ ఏరుతుంది. "చిత్తుకాగితాల బేరం పెట్టినవా అత్తా?" అని ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. పోయినేడు చూడి గొర్రె కడుపుబ్బి చస్తే, మొగుడు భిక్షం కోసి బయటికి తీసిన కవర్ల ఉండను వాళ్లెవరూ చూడలేదు కదా. ఉప్పు రుచికి, అన్నం వాసనకు కవరుతో సహా మింగుతాయి నోరులేని జీవాలు. వాటికి తెలియదు. మనుషులకు తెలిసీ ఒరిగింది లేదు.

కొడుకు చిరంజీవి సూర్యాపేటలో ప్రైవేటు బడి పంతులు. పర్యావరణ దినోత్సవానికి పిల్లల ముందు చెప్పాల్సిన ఉపన్యాసాన్ని ఇంట్లో గట్టిగా చదువుకున్నాడు. సముద్రంలో తాబేళ్లు కవర్లను తిండి అనుకుని మింగి చస్తున్నాయట. బక్కమ్మ సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మన గొర్రె లెక్కనే గద బిడ్డా!"

ఆ మాటనూ ఉపన్యాసంలో కలుపుకున్నాడు. దానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయని వచ్చి చెప్పాడు. ఊరంతా నవ్వినా కొడుకు తన పక్షానే ఉన్నాడని బక్కమ్మ మురిసిపోయింది.

చెప్పేటందుకే నీతులు. కోదాడ సంబంధం వాళ్లు ఆదివారం వస్తున్నారనగానే ఆ కొడుకే మాట మార్చాడు.

"అమ్మా, ఆళ్లు వచ్చిపోయేదాక ఆ సంచి ముట్టకే. పిల్ల తండ్రి సూస్తే ఏమనుకుంటడు?"

"గొర్లు కాసేటోళ్లమని ఆళ్లకు ఎరుకే గదరా."

"గొర్లు కాసుడు వేరు, చెత్త ఏరుడు వేరు."

"సూడి గొర్రె ఉన్నది బిడ్డా. ఈ నెలల ఈనుతది."

"నా పెండ్లి కన్నా గొర్రె ఎక్కువనా నీకు?"

రెండేళ్లుగా పిల్ల దొరకక తిరుగుతున్నాడు. బక్కమ్మ సంచిని అటకెక్కించింది. తాను కుట్టిన మోదుగాకు విస్తర్లలోనైనా వడ్డిస్తానంది. పరువు పోతదని అతను సూర్యాపేట నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు దించాడు.

కోదాడ వాళ్లు వచ్చారు, తిన్నారు, కూర బాగుందన్నారు. "ఇల్లు అద్దంలా పెట్టుకున్నారు చెల్లెమ్మా" అన్నాడు పిల్ల తండ్రి మురళీధర్. ఇంటి శుభ్రమంతా దొడ్డి వెనక పడి ఉంది. ఎంగిలి పళ్లేలనూ మిగిలిన అన్నాన్నీ లడ్డూలు తెచ్చిన ఎర్ర కవర్లో కుక్కి, ముడేసి, చిరంజీవి అక్కడికి విసిరేశాడు. బక్కమ్మ చూసింది. లేవబోయింది. కొడుకు కళ్లతోనే వద్దన్నాడు. కూర్చుండిపోయింది.

చుట్టాలు కదిలేసరికి మంద ఇల్లు చేరింది. దొడ్డి వెనక్కి పోయి చూస్తే పళ్లేలు చెల్లాచెదురుగా ఉన్నాయి, ఎర్ర కవరు లేదు.

"గాలికి పోయుంటదిలే" అన్నాడు చిరంజీవి. అదే నిజం కావాలని ఆమె కనపడ్డ దేవుళ్లందరికీ మొక్కుకుంది.

వారం తిరక్కుండానే చూడి గొర్రె నెమరు మానేసింది. పశువుల డాక్టరు సూదేసినా తెల్లారేసరికి కాళ్లు చాపేసింది. భిక్షం కోశాడు. కడుపులో రెండు పిల్లలు, వెంట్రుకలు కూడా వచ్చాయి. ఆ తర్వాత ఎర్ర కవరు బయటపడింది. బక్కమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక పక్క చినిగింది గానీ చిరంజీవి వేసిన ముడి అట్లాగే ఉంది.

అప్పుడే చిరంజీవి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, సంబంధం ఖాయమైంది! మన ఇల్లు, నీ పద్ధతి మస్తు నచ్చినయంట!"

గొర్రెను చూసి ఆగిపోయాడు. బక్కమ్మకు కొడుకు మీద కోపం వచ్చింది, కూర్చుండిపోయిన తన మీద అంతకు రెండింతలు వచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడింది.

"సముద్రంల తాబేలు తిన్న కవరు ఎవలు పారేసిండ్రో ఎరుకనా బిడ్డా?"

"తెల్వదమ్మా."

"దీని కడుపులది ఎవలదో మనకెరుకే. వచ్చేయేడు పిల్లలకు ఈ ముచ్చట చెప్పు."

చిరంజీవి తల దించుకున్నాడు. చేతిలో ఫోను మోగింది. మురళీధర్ గొంతు పక్కవాళ్లకూ వినపడేంత పెద్దది.

"అల్లుడూ, పెళ్లి మా కోదాడలోనే! వెయ్యిమందికి ప్లేట్లు, గ్లాసులు అన్నీ వాడి పారేసేవే చెప్పేస్తున్నా. కడిగే బాధ ఉండదు. ఏమంటావు?"

చిరంజీవి తల్లిని చూశాడు. ఆమె చేతిలోని ఎర్ర కవరును చూశాడు.

"సరే మామయ్యా" అన్నాడు.