వెతకాల్సిన నీళ్ళు

గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించి, దవడ పట్టుకుని కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతోంది నాగరాణి. పడవ మునిగిందన్న కబురు వచ్చినప్పటి నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆ పడవలో ఉన్న మొగుడు గిరి బతికున్నాడో లేడో తెలియకపోయినా వానలు ముదిరేలోపు మందు తాపకపోతే మంద దక్కదు. అత్త బీరమ్మ దొడ్డి తడిక దగ్గర నిలబడి ఒక్కొక్క గొర్రెనే వదులుతోంది. పొద్దుటి నుంచి ఇద్దరూ గొర్రెల గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు.

దేవరకొండకు ఆవల, గుట్టల నడుమ వాళ్ళ పల్లె. వరసగా వానలు తప్పి, మేత దొరక్క సగం మంద అమ్ముకున్నాక గిరి గల్ఫ్‌కు పోయాడు. తోటపని అని చెప్పి తీసుకుపోయి చేపల పడవ ఎక్కించారు. ఊరి బావి, చెరువు తప్ప మరో నీళ్ళు ఎరగని మనిషి. "కింద నేలనే లేదు రాణీ, తిన్నది నిలుస్తలేదు" అని మొదటి నెలంతా ఫోన్‌లో ఏడ్చాడు. తర్వాత ఏడవడం మానేశాడు.

తుఫాను సంగతి అక్కడ అందరికీ ముందే తెలుసు. ఆ సముద్రం ఒడ్డునున్న దేశాలకు తమలో తమకు ఎన్ని పేచీలున్నా, గాలి లెక్కలు, అలల లెక్కలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటాయి. రేవులన్నిటికీ హెచ్చరిక అందింది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలని కూడా ఆ దేశాలే కూర్చుని నిర్ణయించుకున్నాయి. ఆ గడువు దగ్గర పడింది. ఆలోపు ఇంకొక్క వేట దక్కించుకోవాలని పడవ యజమాని హెచ్చరికను పెడచెవిన పెట్టి పడవను పంపాడు.

నాగరాణి ఫోన్ మోగింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తింది.

"అక్కా, నా పేరు కరుణ. మాది ఆలేరు. హైదరాబాదుల సముద్రం లెక్కలు చూసే ఆఫీసుల పనిచేస్త. గిరి అన్నను మూడు దేశాల ఓడలు దేవులాడుతున్నయి. గాలి ఎటు, నీళ్ళెటు పోతున్నయో చూసి, మనిషి ఏ జాగల ఉంటడో మేం లెక్కగట్టి చెప్తం. జాకెట్ ఏసుకున్నోళ్ళు ఒక దిక్కు కొట్టుకపోతరు, లేనోళ్ళు ఇంకో దిక్కు. అందరికీ లైఫ్ జాకెట్లున్నయని పడవ సేటు చెప్పిండు. ఆ లెక్కన దేవులాడితే ఒక్కలు దొరకలె. నీకేమన్న ఎర్కనా అక్కా?"

నాగరాణి నోరు తెరవబోయింది. అప్పటికే దొడ్డి ముందు కారు ఆగింది. గిరిని గల్ఫ్‌కు పంపిన ఏజెంటు దామోదర్ గబగబా వచ్చి, ఆమె చేతిలోని ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"హైదరాబాదోళ్ళేనా? అందరిండ్లకు చేస్తున్నరు. చెల్లె, జర నా మాటిను. జాకెట్లు ఇయ్యలేదంటే సేటుకు బీమా రాదు. గిరికి రావాల్సిన జీతం గూడ పోతది. ఇచ్చిండ్రని ఒక్క మాటను. నీ పిల్లల బతుకు నేను నిలబెడుత."

నాగరాణి అత్త వైపు చూసింది. బీరమ్మ తడిక మూసి నెమ్మదిగా వచ్చింది.

"దామోదరూ, జాకెట్ ఉండె అంటే ఓడలు ఏ దిక్కు పోతయి బిడ్డా?"

"నాకేమెర్క అవ్వా?"

"నా కొడుకు లేని దిక్కు పోతయి గదా."

నాగరాణి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని తిరిగి కలిపింది.

"జాకెట్ లేదు మేడం. అన్ని ఒక అర్రల పెట్టి తాళమేసిండ్రట. చెక్ చేసెటోళ్ళు వస్తేనే తీస్తరట. నాకు వీడియోల సూపిచ్చిండు. ఈయన ఖాళీ నూనె డబ్బా నడుముకు కట్టుకునెటోడు. చిన్నగున్నప్పుడు బాయిల ఈత నేర్సినట్లు."

"డబ్బాకు మూత ఉన్నదా అక్కా?"

"ఉన్నది. గట్టిగ బిగిచ్చి సూపిచ్చిండు, నవ్వుకుంట." అంతవరకూ ఆపుకున్న ఏడుపు ఆ మాట దగ్గర బయటపడింది.

"ఏడ్వకు. ఇప్పుడే ఓడలను మళ్ళిస్తం" అంది కరుణ.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది. కొత్తగా లెక్కగట్టిన చోట ఇద్దరు దొరికారు. ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారు. ఒకడిది బీహార్, ఒకడిది బంగ్లాదేశ్. ఇద్దరి నడుములకూ డబ్బాలు కట్టి ఉన్నాయి.

"గిరి అన్ననే కట్టిచ్చిండట. రాత్రంత చేతులు పట్టుకొనే ఉన్నరట. తెల్లారేసరికి పెద్ద అలొచ్చి..." కరుణ ఆగింది. "ఇంక దేవులాడుతున్నరు అక్కా."

మరికొన్నాళ్ళు వెతికి ఓడలు వెనక్కి మళ్ళాయి.

ఆ తర్వాత దామోదర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. "ఇగ నీ మాటకు ఓడలు అటిటు తిరిగేది లేదు చెల్లె. దొరికినోళ్ళిద్దరు సేటు ఇచ్చిన అర్రలనే ఉన్నరు, జాకెట్లు ఉండె అనే చెప్పిండ్రు. బీమావోళ్ళు అడిగితే నువ్వు గూడ అను. గిరి ఎట్లాగూ..."

"వాళ్ళు సేటు చేతుల ఉన్నరు, అంటరు. నేను అన."

"నీకొచ్చేదేంది?"

"నాకేం రాదు. సేటు మిగిలిన పడవలల్ల గా తాళాలు ఇంక తియ్యలేదు గదన్నా. వేట మళ్ళ మొదలైతే గా పడవలల్ల ఎవ్వలో ఒకలు ఎక్కుతరు. నువ్వే ఎక్కిస్తవ్."

దామోదర్ వెనుదిరిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాగరాణి పొయ్యి రాజేయలేదు. చేసింది సరైనదేనని తెలుసు. కానీ పిల్లల ముఖాలు చూడాలంటే భయమేసింది.

సాయంత్రం కులపెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. శవం లేకుండా దినం ఎట్లా చేయాలి, చేయకుండా ఎన్నాళ్ళు ఆగాలి అని మాట్లాడుకున్నారు. వాళ్ళు లేచిపోయాక బీరమ్మ కోడలితో అంది:

"ఆలేరు బిడ్డకు ఫోన్ చెయ్యి. సముద్రం మన ఊరికి ఏ దిక్కుంటదో అడుగు. ఆ దిక్కన్న మొక్కుకుంట."

కరుణ ఫోన్ ఎత్తింది. నాగరాణి స్పీకరు పెట్టి ముసలామె ప్రశ్న అడిగింది.

"పడమర దిక్కు అవ్వా. గానీ గీ వానకాలంల ఆ నీళ్ళు తూర్పుకు నడుస్తయి. మన దిక్కే వస్తుంటయి."

బీరమ్మ కోడలి చేయి పట్టుకుంది. "మన దిక్కే వస్తున్నయంటాంది. అంటే నా కొడుకు గూడ గట్లనే వస్తుండా?"

నాగరాణి అవుననలేదు, కాదనలేదు. అవతల కరుణ ఫోన్ పెట్టేయలేదు.