తాత గడ్డం ఆనించిన బండ

మూడు వేసవులుగా నేను గుట్ట ఎక్కలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చానంటే అది ఎలుగుబంట్ల పుణ్యం. "పడవల దగ్గర ఒక మనిషి ఉండాలి, లేకపోతే ఎలుగులు సీట్లు కొరికేస్తాయి" అన్నాను, మా టూర్ల ఆఫీసు వాళ్ళు తలాడించారు. నిజానికి మా సరస్సులో ఎలుగు పడవ సీటు కొరికింది నేను పుట్టాక ఒక్కసారే. అదీ ఎవడో తెలివైనవాడు సీటు కింద చేప దాచితే.

అసలు సంగతి నా కుడి మోకాలు. కూర్చుని రోజంతా తెడ్డు వేయమంటే వేస్తాను. పది అడుగులు పైకి ఎక్కమంటే అది మొరాయిస్తుంది. ఇది బయటపడితే మర్నాడే నన్ను ఊళ్ళో కొట్టులో కూర్చోబెట్టి టోపీలు అమ్మిస్తారు. వెర్నా అంటే సరస్సు, సరస్సు అంటే వెర్నా అని నలభై ఏళ్ళు అనిపించుకున్నదాన్ని, టోపీలు అమ్ముతానా? ఛీ!

కాబట్టి మా పద్ధతి ఇదీ. పొద్దున్నే జనాన్ని రెండు పడవల్లో సరస్సు దాటించి కొండ కింద రాతి అరుగు మీద దించుతాం. నా చెల్లెలి కొడుకు సిరిల్ వాళ్ళను గుట్ట ఎక్కించి, హిమానీనదం చూపించి తీసుకొస్తాడు. వాడికి నలభై రెండేళ్ళు, మనిషి వెన్నముద్ద. నీళ్ళ మీద నుంచి ఆ మంచు కనపడదు, కొండ మలుపు అవతల ఉంటుంది. నేను కింద కూర్చుని టీ కాచి, వాళ్ళు దిగి రాగానే ఒకే ఒక్క మాట అడుగుతాను.

"మా తాత అమ్మమ్మ బండ మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడా?"

మా త్లింగిత్ ఆదివాసుల్లో మంచుకు చెవులుంటాయి, ముక్కుంటుంది, కోపం కూడా ఉంటుంది. మా ఇంట్లో ఆ మంచు తాత. దాని కొసన ఉన్న నల్లబండ అమ్మమ్మ. అలిగి పోతున్న అమ్మమ్మ వెనకే నడిచొచ్చి, ఆమె భుజం మీద గడ్డం ఆనించి తాత నిద్రపోయాడని మా అమ్మ చెప్పేది. ఎవరైనా ఫోనులో ఫొటోలు చూపించబోతే, "నాకా చూపిస్తారు? పాకే వయసు నుంచి చూస్తున్నాను" అని పక్కకు నెట్టేదాన్ని. ఆసక్తిగా చూస్తే పైకి వెళ్ళడం లేదని పసిగట్టరూ?

ఆ రోజు వచ్చినవాళ్ళు ఒహాయో నుంచి. డ్వైట్ అని రిటైరైన బడిపంతులు, అతని భార్య లొరేన్, దున్నల్లాంటి ఇద్దరు కొడుకులు. దిగి రాగానే అడిగాను. డ్వైట్ సిరిల్ వైపు చూసి, "ఆ, ఉన్నాడు. హాయిగా ఉన్నాడు" అన్నాడు.

అప్పుడే మలుపు అవతల ఏదో పెద్దగా విరిగిన చప్పుడు. అల వచ్చింది, అల వెనకే మంచుగడ్డలు వచ్చాయి. గాలి వాటిని నేరుగా మా మూలకే తోసింది. అరగంటలో ఇల్లంత గడ్డలు, బండంత గడ్డలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మా ముందు గోడ కట్టేశాయి. పడవ కాదు కదా, బాతు కూడా దూరదు.

సిరిల్ రేడియోలో ఆఫీసుతో మాట్లాడి వచ్చాడు. "పెద్దమ్మా, పైన మంచు వెనక నిలిచిన నీళ్ళు గట్టు తెంచుకుని ఈ గడ్డలను మోసుకొచ్చాయట. సాయంత్రం దాకా సరస్సు పొంగుతుందన్నారు. పడవ లోపలికి రాలేదు, ఈ గాలికి హెలికాప్టర్ ఎగరదు. గుట్ట ఎక్కి అవతలి ఒడ్డుకు దిగమంటున్నారు. ఆరింటికి అక్కడ పడవ పెడతారట."

గుట్ట అనే మాట వినగానే మంచు వైపు చెయ్యి చూపించాను.

"గాలి తిరుగుతుంది. ఈ మంచు ఇక్కడ ఎంతసేపు ఉంటుందో నాకు తెలీదా? ఆగండి" అన్నాను.

"ఆగుదాంలే, పెద్దమ్మా" అని సిరిల్ కూడా వంత పాడాడు. వాడికేం తొందర లేకపోవడం నాకప్పుడు వింతగా తోచలేదు. నా గొడవలో నేనున్నాను.

నీటి అంచున ఒక పుల్ల పాతాను. పావుగంటలో మునిగింది. ఇంకోటి పాతాను. అదీ మునిగింది. ముందు మంచు, వెనక కొండ. ఉన్న అరుగు కాస్తా చాప చుట్టినట్టు చుట్టుకొస్తోంది. భయం నీళ్ళంటే కాదు, చెప్పాల్సిన మాటంటే. నా ఒక్కదాని మోకాలు దాచుకోవడానికి ఐదుగురిని నీళ్ళలో నిలబెడుతున్నానని తెలుసు. తెలిసీ ఇంకో పుల్ల పాతాను. సిగ్గులేని ముండని!

ఇంతలో డ్వైట్ చిన్న పొయ్యి తీసి పంది మాంసం వేయించబోయాడు.

"ఆపవయ్యా పంతులూ! తాతకు కొవ్వు వేగే వాసన గిట్టదు. ఇప్పటికే మండిపడుతున్నాడు, ఇంకా రెచ్చగొడతావా?"

పాపం, మూకుడు చేత్తో పట్టుకుని బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

రెండు గంటలు గడిచాయి. ఐదో పుల్ల మునిగింది. అరుగు మీద మిగిలింది మేం నిలబడ్డంత చోటు. ఇక చేసేది లేక మా పెద్దలు చేసేదే చేశాను. మంచు వైపు తిరిగి మా పాత భాషలో, "తాతా, దయ చూడు, మేం దిక్కులేని వాళ్ళం" అని మొదలుపెట్టాను. తాత ముందు గొప్పలు చెప్పకూడదు, అబద్ధం అసలే ఆడకూడదు. అక్కడే దొరికిపోయాను. చివరికి అందరి వైపు తిరిగి, అందరికీ తెలిసిన మాటల్లోనే అరిచాను.

"నేను ఎక్కలేను! నా మోకాలు పోయింది. మూడేళ్ళయింది. ఎలుగులూ లేవు, గిలుగులూ లేవు. మీరు పొండి!"

లొరేన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంతేనా? ఇందుకా తల్లీ రెండు గంటలు కూర్చోబెట్టావు? మా ఆయనవి రెండు మోకాళ్ళూ ఇనుపవే!"

పడవలను పైనున్న చెట్లకు కట్టేశారు. వాటిని మోసే పట్టీలు నా నడుముకు బిగించారు. పెద్దకొడుకు ముందు నుంచి లాగాడు, రెండోవాడు వెనక నుంచి తోశాడు. ఎక్కడ తోశాడో చెప్పను, నేనూ పరువు గల మనిషినే. ప్రతి అడుగుకూ తిట్టాను. గుట్టను, సిరిల్‌ను, నన్ను కన్న అమ్మను కూడా తిట్టాను.

శిఖరం దగ్గర పడేసరికి సిరిల్ నా ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఎడమ పక్క నుంచి పోదాం. అటు గాలి తక్కువ."

"తప్పుకోరా. మూడేళ్ళ తర్వాత వచ్చాను. తాతకు కనపడి పోవద్దూ?"

వాడు తప్పుకోలేదు. వాణ్ణి నెట్టుకుని చూశాను.

అమ్మమ్మ బండ ఒక్కతే ఉంది. చుట్టూ గులకరాళ్ళు, బురదనీళ్ళు. తాత లేడు. లోయ పైకొసన, ఎక్కడో, ఆరేసిన దుప్పటంత తెల్లగా ఉన్నాడు.

"ఎప్పటి నుంచిరా?"

"నువ్వు ఎక్కడం మానేసిన మరుసటేడు నుంచి." వాడు ఏడుస్తున్నాడు. "మా అమ్మ పోయింది కూడా అప్పుడే కదా, పెద్దమ్మా. ఇది కూడా ఎలా చెప్పను? అందుకే పైకి తెచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేవాణ్ణి. కింద మా పెద్దమ్మ ఒక మాట అడుగుతుంది, ఉన్నాడని చెప్పండి అని."

రెండు వేసవులు. ఎన్ని వందల మందో. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, నా టీ తాగి, నా కళ్ళలోకి చూసి, హాయిగా ఉన్నాడని చెప్పి వెళ్ళారు. డ్వైట్ టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"క్షమించమ్మా" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది, బావురుమని ఏడ్చాను. సిరిల్ నా పక్కన రాయి మీద కూర్చుని నా మోకాలు ఒత్తాడు. కింద మా అరుగు పూర్తిగా మునిగిపోయింది.

"లేవరా. ఆరింటికి పడవ" అన్నాను చివరికి. "రేపు ఆఫీసులో మోకాలి సంగతి నేనే చెబుతాను. వచ్చేవాళ్ళకు తాత సంగతి నువ్వు చెప్పు. ఉన్నదున్నట్టు."

అవతలి దారి ఆ లోయ పక్కనుంచే దిగుతుంది. మోకాళ్ళు నొప్పి పెడితే వెనక్కి తిరిగి దిగాలని లొరేన్ చెప్పింది. అలాగే దిగాను, ఆ దున్నపిల్లల చేతులు పట్టుకుని, అమ్మమ్మ కనపడినంత సేపూ అమ్మమ్మను చూస్తూ.