అరవై నాలుగో పేజీ తర్వాత

మహాలయ అమావాస్య లోపు పత్రికాఫీసులో నేను చేయవలసిన పనులు: కవులకు ప్రూఫులు పంపడం, తిరిగి రాని ప్రూఫుల కోసం వాళ్ల గుమ్మాలు తొక్కడం, తలనూనె ప్రకటన తేవడం, చారుబాల సర్దార్ పుస్తకానికి ఒక సమీక్ష ఎంచుకోవడం.

చివరిదే కష్టమైంది. చారుబాల సుందర్‌బన్ పడవల్లో ముప్ఫై ఏళ్లు పురుళ్లు పోసిన మంత్రసాని. రాసింది ఒక్కటే పుస్తకం. మా కలకత్తా పత్రిక దుర్గాపూజ సంచికలో సమీక్ష చూసి నలుగురు కొనకపోతే, మిగిలిన ప్రతులను పొట్లాలకు అమ్మేస్తానని ప్రచురణకర్త చెప్పేశాడు.

నా బల్లమీద మూడున్నాయి. ఒక కవిగారి సమీక్ష డార్జిలింగ్‌లో ఆయన తాగిన టీతో మొదలై, ఆయన తొలిప్రేమ మీదుగా నడిచి, పుస్తకం దాకా రాకుండానే అలసిపోయింది. ప్రొఫెసర్ నిర్మాల్య లాహిరిగారిది నాలుగు పేజీలు. అందులో పదకొండుమంది ఫ్రెంచి పండితులున్నారు, ఒక్క బాలింత లేదు. ‘ఎక్కడా అతుకు కనబడని నిర్మాణం’ అని ముగించారు.

మూడోది పోస్టుకార్డు. ఆసుపత్రిలో ఆయాగా చేసే టగరి గాయెన్ రాసింది:

“అరవై నాలుగో పేజీలో పడవలో ఒక పిల్ల నొప్పులు పడుతోంది. తర్వాత పదహారు పేజీలూ హోమియోపతి మందులు. బైండింగులో కలిసిపోయినట్టున్నాయి. ఆ పిల్ల బతికిందా? మూడు రోజులుగా డ్యూటీలో అదే ధ్యాస. కాలేజ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కొన్నాను. లోపల మీ పత్రిక ముద్ర, లాహిరి అన్న పేరు ఉంటే మీకు రాస్తున్నాను.”

సమీక్షకులకు పంపగా మిగిలిన ప్రతి తీసి చూశాను. అదీ అలాగే ఉంది. మా ఇంట్లో మొదటి బి.ఏ.ని నేనే. చదవకుండా కూడా పుస్తకం గురించి రాయొచ్చని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

కార్డు తీసుకెళ్లి సంపాదకుడు భవతోష్‌దా ముందు పెట్టాను.

“దాదా, లాహిరిగారు మనం పంపిన పుస్తకం తెరవకుండానే అమ్ముకున్నారు.”

“తెరవకుండానే నాలుగు పేజీలా! అదీ ప్రతిభంటే. నువ్వు రాయి చూద్దాం.”

“ఈ కార్డు వేద్దాం దాదా. చదివింది ఈవిడొక్కతే.”

“రేపు పాలవాడి చీటీ కూడా వేద్దామంటావు. వెళ్లు తల్లీ, లాహిరిది ప్రెస్సుకి పంపు.”

పంపాను. నా ఉద్యోగం అది. సంచిక వచ్చింది. ఫ్రెంచి పేర్లు చూసి జనం పేజీ తిప్పేశారు. దీపావళినాటి కాళీపూజ అయ్యేసరికి చారుబాల పుస్తకాలు పొట్లాలవాడి బండెక్కాయి.

అంతకుముందే ప్రచురణకర్తను అడిగి ఒక మంచి ప్రతి తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. టగరి దీదీ వార్డు గుమ్మంలో నిలబడే డెబ్భై ఒకటో పేజీ దాకా చదివింది.

“బతికిందమ్మా! ఆడపిల్ల పుట్టింది!” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలినుంచి ఎవరో కేకేస్తే, “వస్తున్నా, ఇక్కడ పురుడైంది!” అని అరిచింది.

ఆ పుస్తకానికి వచ్చిన సమీక్ష అదొక్కటే. లాహిరిగారిని తలుచుకోవడానికి సభలున్నాయి, దండలున్నాయి. మీరు మాత్రం టగరి గాయెన్‌ను గుర్తుంచుకోండి.