అద్దాల జోళ్ళు

బొంబాయి నుంచి వచ్చిన అట్టపెట్టె మూత తీసి కాస్ట్యూమర్ ఆ జోళ్ళను బల్ల మీద పెట్టగానే హీరోయిన్ స్వర్ణరేఖ తల్లి శేషారత్నం మొహం మాడిపోయింది. జానెడు ఎత్తు హీల్స్. పైనా కిందా అంతా నీళ్ళలా కనబడిపోయే ప్లాస్టిక్. వేసుకున్నా వేసుకోనట్టే ఉంటుంది కాలు.

"ఇవి మా అమ్మాయి వేసుకోదు," అంది.

"ఇప్పుడు బొంబాయి హీరోయిన్లంతా ఇవేనమ్మా. పాటేమో అద్దాల మెట్ల మీద. డైరెక్టరుగారు ప్రత్యేకంగా తెప్పించారు."

"తెప్పించుకున్నాయన్నే వేసుకోమను."

స్వర్ణరేఖ కుడికాలి చివరి రెండు వేళ్ళు పుట్టుకతోనే అతుక్కుని ఉన్నాయి. తెనాలిలో ఉన్నప్పుడు కూతుర్ని బడికి బూట్లతో పంపింది, పేరంటాలకు మేజోళ్ళతో తీసుకెళ్ళింది శేషారత్నం. చెప్పుల్లేకుండా ఆడాలి కాబట్టి నాట్యం నేర్పించలేదు. సినిమాల్లోకి వచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు తీసుకున్నాక, పనిమనిషి ఎదుట కూడా పిల్ల మేజోళ్ళు విప్పకూడదు. మూడు సినిమాలు మూసిన బూట్లతోనూ, నేల ఊడ్చే కుచ్చెళ్ళతోనూ గడిచిపోయాయి.

ఈసారి డైరెక్టరు సూర్యప్రకాశరావు వినలేదు. పాట మొదలే కాళ్ళ మీద క్లోజప్ అన్నాడు. పిల్ల కాలు బెణికిందని శేషారత్నం అబద్ధమాడింది. "అయితే కాళ్ళవరకూ డూప్‌తో లాగించేద్దాం," అని ఆయన గ్రూప్ డాన్సర్లలో బోరబండ బస్తీ అమ్మాయి బాలమణిని పిలిచాడు.

ఫిల్మ్‌నగర్ సెట్లో బాలమణి జోళ్ళు వేసుకుని మెట్టెక్కింది. లైట్ల వేడికి కాలు చెమర్చి లోపల ఆవిరి పట్టింది. విప్పి తుడవడం, మళ్ళీ వేసుకోవడం. ప్లాస్టిక్ అంచు కోసి మడమ దగ్గర తోలు లేచింది. శేషారత్నానికి ఆ పిల్ల వేళ్ళను చూస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది. ఒక్కో వేలూ విడివిడిగా, తీర్చినట్టున్నాయి.

"కాళ్ళు కడుక్కుని తగలడు. జిడ్డోడుతున్నాయి. అవి మా అమ్మాయి కాళ్ళని చూపించాలి," అంది అందరూ వినేలా.

బాలమణి తల తిప్పింది. "కడిగిన కాళ్ళే అమ్మా ఇవి. గంత మంచిగుంటె నీ బిడ్డ కాళ్ళే పెట్టరాదు! మేజోళ్ళల్ల ఏం దాస్తున్నవ్?"

డాన్సర్లలో ఎవరో కిసుక్కుమన్నారు. బాలమణి తుడవడానికి విప్పి మెట్టు మీద పెట్టిన ఒక కాలి జోడు అందుకుని శేషారత్నం విసిరేసింది. హీల్ వెళ్ళి బాలమణి కనుబొమ మీద తగిలింది. నెత్తురు చూసి డాన్సర్లందరూ నేల మీద కూలబడ్డారు.

"ఆమె మాఫీ అడగాలె. గప్పటిదాంక లేవం," అంది బాలమణి కొంగు నుదుటికి అదుముకుని.

"నేనా? దీన్నా?"

"అమ్మా, సెట్టు ఆగిపోతుంది. ఒక్క మాట అనెయ్యండి," అని సూర్యప్రకాశరావు బతిమాలాడు.

"నా నోటంట రాదు."

ఈ గోలకు స్వర్ణరేఖ మేకప్ రూమ్‌లోంచి బయటికొచ్చింది. బాలమణి నుదురూ, తల్లి మొహమూ చూసింది. కింది మెట్టు మీద కూచుని మేజోళ్ళు రెండూ లాగేసింది.

"స్వర్ణా!" తల్లి కేక పెట్టింది.

ఆమె విననట్టే ఆ జోళ్ళు తీసుకుని వేసుకుంది. అతుక్కున్న వేళ్ళు ప్లాస్టిక్‌లోంచి ఇంకా పెద్దవిగా కనబడ్డాయి. లైట్‌బాయ్‌ల దగ్గర్నుంచి అందరూ చూశారు. "బాలమణీ, మా అమ్మ చెప్పదు. నేను చెబుతున్నా, క్షమించు. ఆస్పత్రికి నా కారు తీసుకెళ్ళు." తర్వాత డైరెక్టరు వైపు తిరిగి, "షాట్ పెట్టండి సార్," అంది.

"బుద్ధుందా నీకు? రేపటికల్లా పేపర్లలో వేస్తారే!" అంది శేషారత్నం.

"వెయ్యనీ. నువ్వు ఇక్కణ్ణుంచి వెళ్ళు. నువ్వుంటే నాకు నడక రాదు."

శేషారత్నం కదల్లేదు. ప్రొడక్షన్ వాళ్ళు వచ్చి, "రండమ్మా," అని మర్యాదగానే గేటు దాకా నడిపించారు. కారు బాలమణితో వెళ్ళిపోయింది. నిలబడి ఆటో కోసం చూస్తుంటే లోపల పాట మొదలైంది. ఆ పాటను అక్కడికక్కడే నిలబడి తిట్టింది. డైరెక్టర్నీ, బోరబండనీ, కన్న కడుపునీ తిట్టింది.

ఆ రోజు నుంచీ స్వర్ణరేఖ షూటింగ్ డేట్లు తల్లి బదులు మేనేజరు చూస్తున్నాడు. తల్లీకూతుళ్ళు ఒకే ఇంట్లో వేర్వేరు వేళల్లో అన్నం తింటున్నారు.

సినిమా విడుదలయ్యాక శేషారత్నం ఒక్కతే ఎర్రగడ్డ వైపు ఓ హాలుకు వెళ్ళింది. పాట వచ్చింది. తెరంతా కుడికాలే. ఇప్పుడు నవ్వుతారని సీటు అంచు పట్టుకుని కూచుంది. ఈలలు పడ్డాయి తప్ప నవ్వు రాలేదు. ఉండబట్టలేక వెనక్కి తిరిగి వెనక సీటు మనిషిని కదిపింది. "ఆ వేళ్ళు చూశారా?"

"ఏం వేళ్ళమ్మా? జర తల పక్కకు పెట్టు, నాకు కనవడ్తలేదు."

పాట మధ్యలోనే లేచి వచ్చేసింది. ఇంటికొచ్చేసరికి స్వర్ణరేఖ హాల్లో ఫోన్ పక్కన ఉంది. చాలా రోజులకు తనే పలకరించింది.

"సినిమాకెళ్ళావని పనిమనిషి చెప్పింది. పాటెలా ఉంది?"

"చండాలంగా ఉంది."

"అయితే సినిమా ఆడుతుందిలే," అని స్వర్ణరేఖ రిసీవర్ అందుకుని అటు తిరిగింది.