అందరికీ కనపడే ఫోల్డరు

మూడు కంప్యూటర్లను వైర్లతో కలపడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రెబెకా ఆ పనిని శుక్రవారం పొద్దున పదకొండు గంటలలోపే ముగించింది. రాయదుర్గంలోని ఆ జీన్స్ యూనిట్‌కు ఆమె ఒక్కతే కంప్యూటర్ ఆపరేటర్. ప్యాంట్ల కొలతలూ కటింగ్ బొమ్మలూ అన్నీ ఆమె కంప్యూటర్‌లోనే ఉండేవి. కటింగ్ మాస్టర్ కుళ్ళాయప్పకు బొమ్మ కావాలన్నా, ఓనర్ విష్ణువర్ధన్ చూడాలన్నా, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆమే అటూ ఇటూ తిరగాలి. ఆ తిరుగుడు మాన్పించడానికే ఓనర్ ఈ ఏర్పాటు చేయమన్నాడు. ఆమె వాడుతున్న పాత కంప్యూటర్‌నే సర్వర్ అని పేరుపెట్టి తన ఏసీ గదిలోకి మార్పించుకున్నాడు. ఆమెకు కటింగ్ హాల్లో కొత్తది ఇచ్చాడు. ఇకమీదట ఫైళ్ళు ఉండేది ఆయన గదిలో, తెరిచి చూసుకునేది ఎక్కడి నుంచైనా.

"ఎవరెవరికి కనపడల్ల సార్?" సెట్టింగ్ దగ్గర ఆగి అడిగింది రెబెకా.

"ఎవరెవరికేందమ్మా, అందరికీ కనపడల్ల. ఒకరికి వచ్చె, ఒకరికి రాలేదని మళ్ళా నా తల తినొద్దండి."

అందరికీ అన్నచోట ఆమె టిక్కు పెట్టేసింది. పెట్టింది బొమ్మల ఫోల్డర్‌కు కాదు, డ్రైవ్ మొత్తానికి. ఒక్కొక్క ఫోల్డర్‌కూ విడివిడిగా పెడుతూ కూర్చుంటే సాయంత్రమవుతుందని బద్ధకించింది. బద్ధకానికి ముందుచూపు ఎక్కడిది?

కటింగ్ హాలుకు వచ్చి కొత్త కంప్యూటర్‌లో నెట్‌వర్క్ తెరిచింది. ఫోల్డర్లన్నీ వరసగా వచ్చాయి. నాలుగో వరసలో 'క్వయర్ పాటలు' కనపడింది. వైర్ల హడావుడిలో రెబెకాకు దాని సంగతే తట్టలేదు.

ఎవరూ తెరవకూడదని చర్చి పాటల పేరు పెట్టిందే గానీ, అందులో పాటలు లేవు. రెండు నెలల కిందటి వీడియో ఒకటి ఉంది. ఆ రోజు బళ్ళారిలో సరుకు కొనే పార్టీకి పంపడానికి ఆమె కొత్త గుండీల నమూనాను ఫోన్‌లో తీస్తూ ఉంది. వెనకాల గుండీలు కొట్టే మిషన్ మీద రామలక్ష్మమ్మ పని చేస్తోంది. వేళ్ళు పడకుండా ఆ మిషన్‌కు ఉండాల్సిన అడ్డుకమ్మిని, పని తొందరగా సాగాలని ఓనరే ఊడదీయించాడు. మిషన్ ఆమె కుడిచేతి మీదికి దిగింది. రెండు వేళ్ళు పోయాయి. ఆ కేక, కమ్మి లేని మిషన్, "ఇంటికాడ అయిందని చెప్పండి, ఈడ అయిందని ఎవరన్నా నోరు తెరిస్తే రేపట్నుంచి పనుండదు" అన్న ఓనర్ గొంతు, అన్నీ వీడియోలో పడ్డాయి.

రామలక్ష్మమ్మ ఇంట్లో చొప్ప కత్తిరించే మిషన్‌లో చెయ్యి పెట్టుకుందని ఓనర్ ఇప్పుడు చెబుతున్నాడు. మేకపిల్ల కూడా లేని ఇంట్లో చొప్ప మిషన్ ఎందుకుందో ఆయనే చెప్పాలి. సోమవారం లేబర్ ఆఫీసులో విచారణ. హాల్లో ఉన్న అరవైమందీ చూశారు, అరవైమందీ చూడలేదన్నారు. ఆ అరవైమందిలో రెబెకా కూడా ఉంది. ఇక రామలక్ష్మమ్మకు మిగిలింది, రెబెకా తెచ్చిస్తానని మాటిచ్చిన ఆ వీడియో ఒక్కటే.

దెబ్బ తగిలిన మర్నాటి నుంచే గేటు దగ్గర ఫోన్లు తెరిపించి, సంచులు వెతికి చూడటం మొదలైంది. అందుకే రెబెకా గేటుకు పోకముందే వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్‌లోంచి తీసేసింది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయటికి తీసుకుపోదామని రోజూ అనుకునేది. రోజూ గేటు వైపు చూసి, రేపు చూద్దాంలే అనుకునేది.

ఇంతలో బల్ల మీద ఫోన్ మోగింది. ఓనర్ గది నుంచి.

"రెబెకా, ఈ క్వయర్ పాటలేందమ్మా? ఆఫీసు దాంట్లో పాటలెందుకుండాయి?"

"మా చర్చివి సార్. ప్రాక్టీసుకని పెట్టుకున్నా."

"ఏదీ, ఎట్ల పాడతారో విందాం." ఆయన నవ్వుతున్నాడు. మౌస్ నొక్కిన చప్పుడు ఫోన్‌లో వినపడింది.

రెబెకా మౌస్‌ను ఫోల్డర్ మీదికి జరిపింది. డిలీట్ నొక్కింది. తెర మీద ఏదో పెట్టె లేచి ఏదో అడిగింది. చదివే ఓపిక ఎవరికుంది? ఎంటర్ కొట్టింది.

"ఏమప్పా ఇది, నొక్కితే లేదంటాది?"

"తీసేసినా సార్. ఆఫీసు దాంట్లో ఉండకూడదని..."

ఆయన బదులు చెప్పేలోపే ఆమె తన ఉద్యోగానికీ, తమ్ముడు జోయల్ చదువుకూ, అన్నిటికీ నీళ్ళు వదులుకుంది.

"మంచి పని చేసినావు. ఆ నలభై నడుము ప్యాంటు బొమ్మ యాడ పెట్టినావో చెప్పు. అప్పట్నుంచి దానికే వెతుకుతాండా."

చెప్పి, ఫోన్ పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలింది. పోయిందేమీ లేదు, తీసేసినవన్నీ కంప్యూటర్‌లోని చెత్తబుట్టలోనే పడి ఉంటాయి. కుళ్ళాయప్ప చెరిపేసుకున్న బొమ్మలను ఎన్నిసార్లు అందులోంచి ఏరి ఇవ్వలేదు! చెత్తబుట్ట తెరిచింది. ఖాళీ. మూసి మళ్ళీ తెరిచింది. ఖాళీ. ఇందాక లేచిన పెట్టెలో 'శాశ్వతంగా' అన్న మాట ఉన్నట్టు అప్పుడు లీలగా గుర్తొచ్చింది. వైరు మీదుగా ఇంకో కంప్యూటర్‌లోది తీసేస్తే చెత్తబుట్టలో పడదు, నేరుగా పోతుంది.

మధ్యాహ్నం ఓనర్ భోజనానికి పోగానే ఆయన గదిలోకి పోయి సర్వర్ చెత్తబుట్ట కూడా తెరిచి చూసింది. పాత ప్యాంటు బొమ్మలు రెండు ఉన్నాయి, అంతే.

"ఏం వెతుకుతాండావు?"

గుమ్మంలో విష్ణువర్ధన్. మరిచిపోయిన కళ్ళజోడు కోసం వెనక్కి వచ్చాడు.

"వైరు లూజుండాదేమోనని సార్," అంది. దొంగకు తేలు కుట్టినట్టు అక్కడి నుంచి బయటపడింది. పోయిన వీడియోలను వెలికితీసే మనుషులు అనంతపురంలో ఉన్నారని వినికిడి. ఉంటే మాత్రం ఏం లాభం, ఆ కంప్యూటర్ ఆయన గదిలో ఆయన తాళం కింద ఉంది.

సాయంత్రం గేటులో ఫోన్ చూపించి బయటికి వచ్చేసరికి ఎదురుగా టీ బండి పక్కన రామలక్ష్మమ్మ నిలబడి ఉంది. కుడిచెయ్యి కొంగులో దాచుకుంది.

"ఆ వీడియో సోమవారానికి భద్రంగా ఉండాది కదమ్మా?"

ఓనర్ చూసి తీసేశాడు అంటే సరిపోతుంది. నమ్మని వాళ్ళుండరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదక్కా. నేనే తీసేసినా. ఆయప్ప చూస్తాడని భయమాయ. మళ్ళా తీసుకోవచ్చులే అనుకుంటి. రాలేదు."

రామలక్ష్మమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే రెబెకా ప్రాణానికి హాయిగా ఉండేది. జారిన కొంగును చేతి మీదికి లాక్కుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"వీడియో పోతే పోయిందిలే. నువ్వు చూసినావు కదమ్మా?"

వెనక గేటు తెరుచుకుంటోంది. ఓనర్ కారు హారన్ కొట్టింది. రెబెకాకు తల్లి ఎస్తేరు గుర్తొచ్చింది, జోయల్ గుర్తొచ్చాడు, అయినా కళ్ళు మాత్రం కొంగులోని ఆ చేతి మీది నుంచి కదల్లేదు.

"చూసినానక్కా," అంది. "సోమవారం నేనూ వస్తా. చూసినానని చెప్తా."

ఆ మాట గేటు దగ్గరున్న వాళ్ళకు వినపడిందో లేదో, వెనక్కి తిరిగి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.